ఫాక్స్‌ప్రో బిల్లింగ్ సాఫ్ట్‌వేర్, దాన్ని మార్చనంటున్న మా సర్వీసు అన్న: 5కి 3

అనంతపురం పాతూరులో మాది రెడీమేడ్ బట్టల అంగడి. మా నాన్న కాలం నుంచి వాడుతున్న బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ గురించి, దానికి సర్వీసు చేసే అన్న గురించి రాస్తున్నా. కంపెనీ పేరు రాయను, ఇలాంటివి ఊళ్ళో ఇంకా చాలా ఉన్నాయి, చిన్నవి, ఒకరిద్దరు మనుషులతో నడిచేవి.

ముందు మంచి చెప్తా. స్పీడ్‌లో దీన్ని కొట్టేది నేను చూడలేదు. మౌస్ ముట్టుకునే పనే లేదు, బార్‌కోడ్ కొట్టు, ఎంటర్, ఎంటర్, పక్కన డాట్ మ్యాట్రిక్స్ ప్రింటర్ కర్రుమంటుంది, బిల్లు చేతిలో ఉంటుంది. నెట్ పోయినా దీనికి పట్టదు. మొన్న ఒక కుర్రోడు నెట్ మీద నడిచే క్లౌడ్ సాఫ్ట్‌వేర్ డెమో చూపించేకి వచ్చి, ఫోన్ నంబర్ టైపు చేసి, సేవ్ నొక్కి, తెర మీద గుండ్రంగా తిరిగేదాన్ని చూస్తూ నిలబడితే, ఆలోపు మా కౌంటర్ పిల్లోడు రెండు బిల్లులు కొట్టేసి టీకి పోయినాడు.

ఇక గొడవ. ఇది విజువల్ ఫాక్స్‌ప్రో అనే మైక్రోసాఫ్ట్ వాళ్ళ పాత ప్రోగ్రామింగ్ భాషలో రాసింది. దాని చివరి వెర్షన్ 9, 2004లో వచ్చింది. ఇంక కొత్తది తేమని మైక్రోసాఫ్ట్ 2007లోనే చెప్పేసింది, 2015 జనవరితో సపోర్ట్ కూడా పూర్తిగా ఆపేసింది. అన్ని భాషల అక్షరాలూ చూపించే యూనికోడ్ దీంట్లో లేదు కాబట్టి బిల్లు మీద తెలుగులో అంగడి పేరు రావాలంటే బొమ్మగా అతికించాల్సిందే. బిల్లుల వివరాలు దాచే ఒక టేబుల్ ఫైలు 2 జీబీ దాటకూడదు, అందుకని ఏటా ఏప్రిల్ 1న కొత్త ఫోల్డర్ మొదలుపెడతారు, పోయిన ఏడాది బిల్లు చూడాలంటే బయటికి వచ్చి మళ్ళీ లాగిన్ కావాలి. బిల్లు మధ్యలో కరెంటు పోయి సిస్టం ఆగిందా, ఇండెక్స్, అంటే బిల్లులు వెతికే సూచిక, చెడిపోతుంది. ఫోన్ చేస్తే అన్న హలో కూడా అనడు, "రీఇండెక్స్ కొట్టు" అంటాడు.

ఇవన్నీ ఎలాగో సర్దుకుపోతున్నాం. అసలు కథ 2025 సెప్టెంబర్ 22న, జీఎస్టీ రేట్లు మారినప్పుడు. అంతకుముందు బట్టల మీద ఒక పీసు 1,000 రూపాయల దాకా 5 శాతం, దాటితే 12. ఆ రోజు నుంచి 2,500 దాకా 5, దాటితే 18. పైగా అదే రోజు దసరా నవరాత్రులు మొదలు, అంగడి నిండా జనం. అన్న వచ్చి కూర్చుని కోడ్ తెరిచినాడు, నేను వెనక నిలబడి చూసినా. 1000 అనే అంకె బిల్లులో ఒకచోట, సరుకు వాపసు తీసుకునే రిటర్న్‌లో ఒకచోట, కొనుగోలు ఎంట్రీలో, నెల రిపోర్టులో, ఎక్కడికక్కడ చేత్తో రాసి ఉంది. ఆయన ఒక్కోటి వెతికి 2500 చేసుకుంటూ పోయినాడు. బిల్లులు సరిగ్గానే వచ్చినాయి. కానీ ముందు వారం 12 శాతం వేసి అమ్మిన 1,500 చొక్కాని ఒకాయన తిరిగి తెస్తే, రిటర్న్‌లో 5 శాతమే పడింది. పాత బిల్లుకి పాత రేటే పడాలి కదా! ఆ వారం రిటర్న్‌లన్నీ పుస్తకంలో చేత్తో రాసుకున్నాం, ఆడిటర్ దగ్గర తిట్లు మాత్రం నాకు.

"అన్నా, ఏ తేదీ నుంచి ఏ రేటో ఒక టేబుల్‌లో పెట్టేస్తే ఈ బాధ ఉండదు కదా" అన్నా. "నడుస్తాంది కదప్పా, పొయ్యే పామును యాల మెడకేసుకునేది?" అన్నాడు.

అప్పుడు ఒళ్ళు మండింది. తర్వాత ఆలోచిస్తే ఆయన భయం ఉత్తది కాదనిపించింది. ఆ కోడ్ మొదట రాసినాయన ఎప్పుడో హైదరాబాద్ వెళ్ళిపోయినాడు, ఏ లైను ఎందుకుందో చెప్పేవాళ్ళు లేరు. ఒకచోట కదిపితే ఇంకెక్కడ ఊడుతుందో తెలుసుకునే టెస్టులు లేవు. మేమిచ్చేది ఏడాదికి ఒక ఏఎంసీ, అంటే ఏడాది సర్వీసు ఒప్పందం డబ్బు, అది రిపేరుకే. నెలంతా కూర్చుని శుభ్రం చేసినా తెర మీద కొత్తగా ఏమీ కనబడదు, మేం రూపాయి ఎక్కువ ఇవ్వం, ఒక్క బిల్లు తప్పు పడితే మాత్రం పది ఫోన్లు చేస్తాం. పైగా ఫాక్స్‌ప్రోలో ఆయన మొనగాడు, కొత్తది నేర్చుకోవాలంటే ఈ వయసులో తన కొడుకు ఈడు పిల్లల పక్కన కూర్చోవాలి. ఆ మాట ఆయన అనడు, నాకే అర్థమవుతుంది.

ఇంకోటి, పాత కోడ్‌లో తెలివి దాగి ఉంటుంది. స్లాబ్, అంటే ఏ ధరకి ఏ పన్ను రేటో, చూడాల్సింది డిస్కౌంటు పోగా మిగిలిన ధర మీద. పన్ను కలపకముందు 2,700 ఉన్న చొక్కాకి 300 తగ్గిస్తే 2,400, అంటే 5 శాతం. మా పాతది ఇది సరిగ్గా వేస్తుంది. ఆ క్లౌడ్ డెమోలో అడిగితే 2,700 మీదే స్లాబ్ చూసి 18 వేసింది.

మా తమ్ముడు బెంగళూరులో జావా చేస్తాడు, పాత కోడ్ ముట్టుకోవద్దని వాళ్ళ ఆఫీసులోనూ ఇదే పాట అంట. బ్రిటన్‌లో టీఎస్‌బీ బ్యాంకు సంగతి వాడే చెప్పినాడు. 2018 ఏప్రిల్‌లో ఖాతాలన్నీ ఒకేసారి కొత్త సిస్టంలోకి మార్చబోయి, దాదాపు 19 లక్షల మంది తమ ఖాతాలు తెరవలేక ఇరుక్కుపోయారు, 2022లో బ్యాంకుకి 4 కోట్ల 86 లక్షల పౌండ్లకు పైగా జరిమానా పడింది. ఇలాంటివి విన్న ప్రోగ్రామర్ ఎవరైనా వెనకాడతాడు. అయితే మా తమ్ముడి లెక్క వేరే, అంతా ఒకేసారి మార్చడమే తప్పు అంటాడు. ముందు రేట్లొక్కటే టేబుల్‌లోకి తేవాలంట. పోయిన ఏడాది బిల్లులన్నీ పాత ప్రోగ్రాంలో, మార్చినదాంట్లో రెండింట్లోనూ నడిపి పైసాతో సహా కలుస్తున్నాయా చూడాలంట. కలిస్తే రిపోర్టులు, ఆ తర్వాత స్టాక్, బిల్లింగ్ తెర అన్నిటికన్నా చివర.

ఇది అన్నకి చెప్పి, రేట్ల పనికి ఏఎంసీ కాకుండా విడిగా డబ్బులిస్తానన్నా. డబ్బు మాట వినగానే కుర్చీలో కొంచెం ముందుకు జరిగినాడు, నిజం చెప్తున్నా. రేట్ల టేబుల్ వరకు ఒప్పుకున్నాడు. సోర్స్ కోడ్, అంటే ప్రోగ్రాం అసలు రాత, కాపీ ఒకటి మా దగ్గర పెట్టమంటే మాత్రం "అది చూస్తాం లేప్పా" అని బండి తీసినాడు.

స్పీడ్‌కి 5, పిలిస్తే పలికేదానికి 4, ముందుచూపుకి 1. ఒక్క అంగడి, ఒక్క కౌంటర్ ఉన్నవాళ్ళు ధైర్యంగా తీసుకోవచ్చు. రెండో బ్రాంచి పెట్టే ఆలోచన ఉంటే వద్దు. ఏదైనా సరే ఏఎంసీ కాగితం మీద సంతకం పెట్టకముందే సోర్స్ కోడ్ సంగతి, రేట్లు మారితే అదనంగా ఎంత తీసుకుంటారో రాయించుకోండి.