ఎక్కడానికి కాదు, దిగడానికి డీజిల్

ట్రావెల్ ట్రైలర్, అంటే పికప్ వెనక తగిలించుకుని వెళ్లే చక్రాల ఇల్లు, లాగడానికి గ్యాస్ బండి కొనాలా, డీజిల్ కొనాలా అని డాలస్ చుట్టుపక్కల ఉన్న మనవాళ్లు నన్ను తరచుగా అడుగుతున్నారు. అందరూ మొదట అడిగేది లాగే శక్తి గురించే. హార్స్‌పవర్ ఎంత, టార్క్ ఎంత, కొండ ఎక్కేటప్పుడు ఆయాసపడుతుందా అని. ఒకే ట్రైలర్‌ను నేను మూడేళ్లు గ్యాస్ బండితో, నాలుగేళ్లు డీజిల్ బండితో లాగాను. ఎక్కేటప్పుడు కనిపించిన తేడాతో నేను సర్దుకుపోగలిగాను. దిగేటప్పుడు కనిపించిన తేడాతో సర్దుకుపోలేకపోయాను. ఈ సమీక్ష దాని గురించే.

అమెరికాలో గ్యాస్ అంటే పెట్రోలే. ఇండియాలో చదివేవాళ్లు సి.ఎన్.జి. అనుకోకుండా ఇకపై పెట్రోల్ అనే రాస్తాను.

మా ట్రైలర్ 27 అడుగులది. నీళ్ల ట్యాంకు నింపి, బియ్యం, కుక్కర్లు, మడత కుర్చీలు అన్నీ ఎక్కించి ట్రక్ స్టాపులో కాటా వేయిస్తే 7,120 పౌండ్లు తూగింది. మొదటి బండి అర టన్ను తరగతి పికప్ (ఈ టన్నులు బండి తరగతికి పాత పేర్లే, అసలు మోసే బరువు కాదు), టర్బో, అంటే ఇంజన్‌లోకి గాలిని బలంగా తోసే పరికరం, లేని ఎనిమిది సిలిండర్ల పెట్రోల్ ఇంజన్. రెండోది ముప్పావు టన్ను తరగతి డీజిల్ పికప్, 2021లో సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను. కంపెనీల పేర్లు కావాలనే రాయడం లేదు.

2019 జులైలో పెట్రోల్ బండితో మొదటిసారి కొలరాడో వెళ్లాం. అమరిల్లో, డాల్‌హార్ట్, క్లేటన్, రాటన్ మీదుగా దారి. టెక్సస్ ఉత్తరపు మైదానాల్లో ఎదురుగాలి కొట్టినప్పుడు ఏ ఇంజనైనా తాగుతుంది, కాబట్టి అక్కడి మైలేజి చూసి బండిని తిట్టను. ఆ బండి నిజంగా ఇబ్బంది పడింది కొలరాడోలో సౌత్ ఫోర్క్ అనే ఊరు దాటి వుల్ఫ్ క్రీక్ కనుమ ఎక్కేటప్పుడు. టర్బో లేని ఇంజన్ ప్రతి వెయ్యి అడుగుల ఎత్తుకు సుమారు 3 శాతం శక్తి కోల్పోతుంది. ఆ కనుమ ఎత్తు దాదాపు 10,850 అడుగులు. అంటే పైకి చేరేసరికి ఇంజన్ శక్తిలో మూడో వంతుకు దగ్గరగా పోయినట్టే. 38 మైళ్ల వేగంతో, ఇంజన్ గోల పెడుతుండగా, కుడి వరుసలో లారీల వెనక ఎక్కాం. ఆలస్యమైంది, అంతే. దానికి నాకు ఏ బాధా లేదు.

పడమటి వైపు పగోసా స్ప్రింగ్స్‌కు దిగే దారి వేరే కథ. దాదాపు 7 శాతం వాలు, మైళ్ల తరబడి. బ్రేకులు పోయిన లారీలు ఎక్కి ఆగడానికి రోడ్డు పక్కన గులకరాళ్లు పోసిన ఎగువ దారులు రెండు చోట్ల కనిపిస్తాయి. వాటి బోర్డు చూడగానే కడుపులో ఏదో అయింది. మూడో గేరుకు దించాను, ఇంజన్ నిమిషానికి నాలుగున్నర వేల చుట్లు తిరుగుతోంది, అయినా వేగం పెరుగుతూనే ఉంది. బ్రేకు తొక్కుతాను, 35కు దిగుతుంది. వదులుతాను, పది లెక్కపెట్టేలోగా 45 దాటుతుంది. అలా ఎన్నిసార్లు తొక్కానో లెక్కలేదు. సగం దూరం వచ్చాక మా ఆవిడ, "ఏమండీ, ఏదో కాలుతున్న వాసన వస్తోంది" అంది. నాకు అంతకుముందే వచ్చింది, చెప్పలేదు. పెడల్ మెత్తబడుతోంది. ముందు కాస్త వంచితే చాలేది, ఇప్పుడు పాదం ఇంకా లోపలికి పోతోంది. కొండ కింద ట్రెజర్ ఫాల్స్ అనే జలపాతం దగ్గర బండ్లు ఆపుకునే చోటు ఉంది. అక్కడ ఆపి దిగితే ముందు చక్రాల నుంచి నీలిరంగు పొగ. మా అబ్బాయి జలపాతం చూడడానికి పరుగెత్తబోతే వాడి చెయ్యి పట్టుకుని కాసేపు అలాగే నిలబడ్డాను. ముప్పావు గంట కూర్చుని బ్రేకులు చల్లారాక కదిలాం.

తప్పు కొంత నాదే. ఇంకా తక్కువ గేరులో, ఇంకా తక్కువ వేగంతో పైనుంచే మొదలుపెట్టాల్సింది. కానీ పెట్రోల్ ఇంజన్ పట్టి ఆపే బలానికి ఒక హద్దు ఉంది. యాక్సిలరేటర్ వదిలినప్పుడు గాలి దారి మూసుకుపోయి, పిస్టన్లు ఆ వ్యాక్యూమ్‌కు ఎదురు లాగడం వల్ల బండి నెమ్మదిస్తుంది. కొండ మీద గాలి పలచన కాబట్టి ఆ లాగుడు కూడా పలచబడుతుంది. ఏడు వేల పౌండ్లు వెనక నుంచి నెడుతుంటే అది చాలదు.

డీజిల్ ఇంజన్‌కు అలా మూసుకునే గాలి దారి లేదు. అంటే ఉత్త డీజిల్ ఇంజన్ పెట్రోల్ కంటే కూడా తక్కువగా ఆపుతుంది. అందుకే ఎగ్జాస్ట్ బ్రేక్ పెట్టారు. బటన్ నొక్కితే టర్బోలోని చిన్న రెక్కలు మూసుకుంటాయి, పొగ బయటకు పోయే దారి ఇరుకవుతుంది, ఆ ఒత్తిడికి ఎదురుగా పిస్టన్లు తోయాల్సి వస్తుంది. బండి బరువంతా ఇంజన్ మీద ఆగుతుంది, బ్రేకుల మీద కాదు. ఇది నేను కొనేముందు చదివిందే. చదివినదానికీ అనుభవించినదానికీ ఎంత తేడా ఉందో 2022లో తెలిసింది.

ఆ వేసవిలో అమ్మానాన్నలు వచ్చారు. నాన్న పాతికేళ్లు లారీ నడిపారు. మార్కాపురంలో పలకల లోడు ఎత్తి, దోర్నాల దాటి, నల్లమల ఘాట్ దిగి ఆత్మకూరు వైపు వెళ్లిన మనిషి. వుల్ఫ్ క్రీక్ పైకి డీజిల్ 55 మైళ్ల వేగంతో, మాటలు ఆపకుండా ఎక్కింది. టర్బో ఉంది కాబట్టి పలచని గాలి దానికి పెద్దగా పట్టలేదు. నాన్న ఏమీ అనలేదు. పైన బోర్డు దాటి దిగుడు మొదలవగానే సీట్లో ముందుకు వంగి కూర్చున్నారు. "ఎక్కిన గేరులోనే దిగాలి" అని ఒక్కటే మాట అన్నారు.

ఎగ్జాస్ట్ బ్రేక్ బటన్ నొక్కి, 35 దగ్గర పాదం తీసేశాను. బానెట్ కింద నుంచి హుంకరించినట్టు ఒక గంభీరమైన శబ్దం వచ్చింది. వేగం 35 దగ్గరే నిలబడింది. మలుపు వచ్చింది, 33. వాలు పెరిగింది, 36. నా రెండు పాదాలూ చాప మీద ఉన్నాయి. పాదాలు ఊరికే ఉండడం మూడేళ్ల కింద అదే మలుపులో నేను ఊహించలేని విషయం. మొత్తం దిగుడులో బ్రేకు రెండుసార్లు తొక్కాను, ఆ రెండూ ముందు వెళ్తున్న కారు నెమ్మదించడం వల్ల.

ట్రెజర్ ఫాల్స్ దగ్గర ఆపాను, అదే చోట. అమ్మ ఫ్లాస్కులో టీ తీస్తోంది. నాన్న టీ తీసుకోకుండా ముందు చక్రం దగ్గరకు వెళ్లారు. అరచేయి కాకుండా చేతి వెనక భాగాన్ని నెమ్మదిగా రిమ్ము దగ్గరకు తెచ్చారు. జానెడు దూరం, బెత్తెడు, చివరికి ఆనించారు. కాలే లారీ బ్రేకు డ్రమ్ముల దగ్గర అలవాటైన చెయ్యి అది. తరువాత రెండో చక్రం, వెనకవి రెండు, ట్రైలర్‌వి నాలుగు. ఎనిమిదీ చూసి వచ్చి, "బ్రేకు తొక్కావా లేదా?" అన్నారు.

"రెండుసార్లు తొక్కాను నాన్నా."

"ట్రైలర్‌వి కాస్త వెచ్చగా ఉన్నాయి. వెనక ఎక్కువ పడుతోంది, చూసుకో."

నిజమే. ట్రైలర్ బ్రేకులు ఎంత గట్టిగా పట్టాలో చెప్పే కంట్రోలర్‌ను ఒక మెట్టు ఎక్కువ పెట్టుకున్నాను. అక్కడే తగ్గించాను. ఆ తరువాత ఆయన టీ తాగారు. ఏడేళ్ల ట్రైలర్ ప్రయాణాల్లో నాకు అన్నిటికంటే సంతోషం కలిగించిన పది నిమిషాలు అవి. ఈ ఒక్క సదుపాయం కోసం డీజిల్ కొన్నందుకు ఆ రోజు నాకు ఏ చింతా లేదు.

అయితే, నాలుగేళ్ల తరువాత కొన్ని మాటలు సవరించుకోవాలి. కొన్న కొత్తలో ఎగ్జాస్ట్ బ్రేక్ ఉంటే ఇక భయమే లేదని మిత్రులకు చెప్పాను. తడి మంచు ఉన్న రోడ్డు మీద అది వెనక చక్రాలనే పట్టి ఆపుతుంది కాబట్టి బండి పక్కకు జారే ప్రమాదం ఉంది. ఒక అక్టోబరు ఉదయం డురాంగో దగ్గర వెనక భాగం ఒక్కసారి అడుగు మేర కదిలింది. అప్పటి నుంచి మంచు కనిపిస్తే బటన్ తీసేస్తాను. ఇంజన్ చుట్లు తగ్గినప్పుడు దాని పట్టు కూడా బాగా తగ్గుతుంది.

డీజిల్ బరువైన బండి కాబట్టి ఎంతైనా మోస్తుందని కూడా చెప్పేవాణ్ణి. అదీ పూర్తిగా నిజం కాదు. డ్రైవర్ తలుపు దగ్గర పసుపు స్టిక్కర్ మీద, మనుషులూ సామానూ కలిపి ఎంత మోయవచ్చో రాసి ఉంటుంది. నా డీజిల్ స్టిక్కర్ 2,050 పౌండ్లు. ట్రైలర్ ముక్కు బండి మీద మోపే భారం 900, దాన్ని తగిలించే హిచ్ 100, మేం ఐదుగురం 700. మిగిలింది 350. డీజిల్ ఇంజనే బరువు కాబట్టి ఆ బరువు మోసే లెక్కలో నుంచి పోతుంది. అదే తరగతిలో పెట్రోల్ ఇంజన్ ఉన్న బండి తీసుకుంటే చాలాసార్లు వందల పౌండ్లు ఎక్కువ మిగులుతాయి. నా పాత అర టన్ను బండి స్టిక్కర్ 1,620. ముగ్గురం ఉన్నప్పుడు సరిపోయింది, అమ్మానాన్నలు ఎక్కితే దాటిపోయేది. కొనేముందు మీరు చూడాల్సింది ప్రకటనలోని లాగే బరువు కాదు, ఆ స్టిక్కర్.

ఇక యూరియా ద్రవం. పొగను శుభ్రం చేయడానికి, 2010 ఉద్గార నిబంధనల తరువాత వచ్చిన దాదాపు అన్ని డీజిల్ పికప్పుల్లో ఇది పోయాలి. 32.5 శాతం యూరియా, మిగతాది శుద్ధజలం. ఇండియాలో యాడ్‌బ్లూ అంటారు. పోయడం పెద్ద పని కాదు. దాని ట్యాంకులో ఉండే సెన్సరే నన్ను ఏడిపించింది. 2023లో డురాంగో నుంచి తిరిగి వస్తుంటే క్లేటన్ దగ్గర ద్రవం నాణ్యత సరిగా లేదని, 150 మైళ్ల తరువాత వేగం గంటకు 5 మైళ్లకు తగ్గుతుందని తెర మీద సందేశం వచ్చింది. ట్యాంకు నిండుగా ఉంది, ద్రవం కొత్తది. క్లేటన్ నుంచి అమరిల్లోకు దాదాపు 130 మైళ్లు. మధ్యలో డాల్‌హార్ట్, డ్యూమస్ తప్ప పెద్ద ఊళ్లు లేవు. ఆ అంకె 90, 60, 40 అని తగ్గుతుంటే మా ఆవిడా నేనూ మాట్లాడుకోలేదు. చేరాం. విడిభాగం రావడానికి తొమ్మిది రోజులు పట్టింది. వారంటీ దాటింది కాబట్టి 1,900 డాలర్లు కట్టాను. ట్రైలర్ అక్కడి క్యాంపులో వదిలి, అద్దె కారులో ఇంటికి వచ్చి, మళ్లీ వెళ్లాం. ఇంజన్ నిక్షేపంగా ఉంది, ఒక సెన్సర్ చెడితే కుటుంబాన్ని ఎడారి రోడ్డు మీద నడక వేగానికి తెస్తానని బండి బెదిరించడం నాకు ఇప్పటికీ కోపం తెప్పిస్తుంది. పొగ శుభ్రం కావాలన్నదానికి నేను వ్యతిరేకిని కాను, శిక్ష వేసే తీరు మీదే నా ఫిర్యాదు. 2025 ఆగస్టులో అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ ఈ హఠాత్తు నియంత్రణను సడలించేలా సాఫ్ట్‌వేర్ మార్చమని తయారీదారులను కోరింది. నా బండికి ఆ మార్పు ఇంకా రాలేదు.

పెట్రోల్ బండి మూడేళ్లలో నన్ను ఒక్కసారి కూడా దారిలో నిలబెట్టలేదు. అది కూడా రాయాలి.

ఖర్చు గురించి క్లుప్తంగా చెబుతాను. ట్రైలర్‌తో పెట్రోల్ బండి గ్యాలనుకు 8.5 మైళ్లు ఇచ్చింది, డీజిల్ 11.5 ఇస్తోంది. డీజిల్‌తో ట్రైలర్ లాగిన 14,000 మైళ్లకు దాదాపు 430 గ్యాలన్లు మిగిలినట్టు. మా దగ్గర డీజిల్ ధర ఎక్కువ కాబట్టి ఆ మిగులులో సగానికి పైగా అక్కడే పోతుంది. కొత్త బండిలో డీజిల్ ఇంజన్‌కు అదనంగా పది వేల డాలర్ల వరకు అడుగుతారు. ఇంధనం ఆదాతో అది తిరిగి రాదు. ఆయిలు ఎక్కువ పడుతుంది, ఇంధన ఫిల్టర్లు మార్చాలి. నేను ఇంటి నుంచి పనిచేస్తాను, మామూలు రోజుల్లో కూరగాయల దుకాణం దాకా రెండు మైళ్లు వెళ్లి వస్తాను. ఆ చిన్న ప్రయాణాల్లో పొగ ఫిల్టరు తనను తాను కాల్చి శుభ్రం చేసుకునేంత వేడి రాదు. అందుకని పదిహేను రోజులకు ఒకసారి పనిలేకున్నా హైవే మీద నలభై నిమిషాలు తిప్పి వస్తున్నాను.

కాబట్టి టెక్సస్‌లోనే లేక్ టెక్సోమా, ఇంక్స్ లేక్, టైలర్ లాంటి చోట్లకు వెళ్లి వచ్చేవాళ్లు డీజిల్ జోలికి వెళ్లనక్కరలేదు. మీ ట్రైలర్ ఐదు వేల పౌండ్ల లోపుంటే కొలరాడోకు కూడా, ఓపికగా దిగగలిగితే, పెట్రోల్ సరిపోవచ్చు. ఇప్పుడు టర్బో ఉన్న పెట్రోల్ ఇంజన్లు విరివిగా దొరుకుతున్నాయి, ఎక్కేటప్పటి బాధ వాటితో చాలావరకు తీరుతుంది. దిగేటప్పటి సంగతి వాటిలో ఒకదానితో నేను వుల్ఫ్ క్రీక్ దిగితే తప్ప చెప్పను. ఏడు వేల పౌండ్లు దాటి, ప్రతి వేసవీ పిల్లలతో, పెద్దవాళ్లతో కొండలు దిగాల్సి ఉంటే, స్టిక్కర్ లెక్క సరిపోతే, వారంటీ మిగిలి ఉన్న డీజిల్ తీసుకోండి.

నా సంగతి ఇంకా తేలలేదు. నాన్నకు ఇప్పుడు 74. ఎనిమిది వేల అడుగులు దాటిన చోట రాత్రి ఉండవద్దని గుండె డాక్టరు చెప్పారు. వచ్చే జూన్‌లో వాళ్లు వస్తే అమ్మ గ్రేట్ శాండ్ డ్యూన్స్ చూడాలంటోంది, అది ఎనిమిది వేలకు కాస్త ఎక్కువ. కింద అలమోసాలో, ఏడున్నర వేల అడుగుల దగ్గర, రాత్రి ఆగి పగలు వెళ్లి రావచ్చా అని డాక్టరును అడగాలి. కుదరదంటే సముద్రం వైపు గాల్వెస్టన్‌కు వెళ్తాం. అక్కడ దిగడానికి కొండే లేదు, అప్పుడు ఈ బండి అమ్మకానికి పెడతాను.