ఇంటి ఫొటోలు, కాగితాలు: క్లౌడ్‌లోనా, హార్డ్ డిస్కులోనా?

అమలాపురంలో కంప్యూటర్లు బాగుచేసే పని నాది. "స్టోరేజ్ నిండిపోయిందని ఫోన్ గోల పెడుతోందండీ, డబ్బు కట్టమంటారా, డిస్కు కొనుక్కోమంటారా?" అని వారానికి ఇద్దరైనా అడుగుతున్నారు. మొన్న సంక్రాంతికి మా ఇంట్లోనూ ఇదే ప్రశ్న వచ్చింది. అప్పుడు ఏది ఎందుకు ఎంచుకున్నానో చెబుతాను.

ముందు క్లౌడ్ తరఫున, అంటే నెట్ ద్వారా గూగుల్ లాంటి కంపెనీల కంప్యూటర్లలో దాచుకునే పద్ధతి తరఫున మాట్లాడాలి, ఎందుకంటే మన నేల అలాంటిది. 1996 నవంబరు 6 రాత్రి తుఫానుకి మా పెంకుటింటి పైకప్పు సగం లేచిపోయింది. తెల్లారి ట్రంకు పెట్టె తెరిస్తే అమ్మానాన్నల పెళ్లి ఆల్బం తడిసి ముద్దయి ఉంది. అట్టలు విడదీయబోతే ఫొటోల్లో మొహాలు ఊడొచ్చాయి. ఇప్పుడు మా దగ్గర ఆ పెళ్లివి రెండే ఫొటోలున్నాయి, అవీ చుట్టాల ఇంటి నుంచి తెచ్చుకున్నవే. 2022 జూలైలో ధవళేశ్వరం దగ్గర వరద 25 లక్షల క్యూసెక్కులు దాటినప్పుడు లంకల్లో ఎన్ని బీరువాలు నీళ్లలో నానాయో నా షాపుకొచ్చిన తడి కంప్యూటర్లే చెప్పాయి. క్లౌడ్‌లో ఉన్నదానికి ఈ నీళ్ల భయం లేదు. ఫోన్ పోయినా కొత్త ఫోన్‌లో లాగిన్ అయితే అన్నీ తిరిగొస్తాయి. ఇది చిన్న సౌకర్యం కాదు.

మరి నేనెందుకు డిస్కు వైపు మొగ్గాను? తాళం ఎవరి దగ్గరుంది అన్నదే నాకు అన్నిటికన్నా ముఖ్యం కాబట్టి.

మా బాబాయ్ పోయి మూడేళ్లయింది. ఆయన ఫోన్లో ఫొటోలన్నీ క్లౌడ్‌లోకి వెళ్లేవి. దుఃఖంలో ఆ నంబరుకి రీచార్జి చేయించాలన్న ఆలోచన ఎవరికీ రాలేదు. నెలలు గడిచాక సిమ్ ఆగిపోయింది, తర్వాత ఆ నంబరు ఇంకెవరికో వెళ్లిపోయింది. పాస్‌వర్డ్ మాకు తెలియదు. మార్చుకుందామంటే ఓటీపీ ఆ కొత్త మనిషికి వెళుతుంది. పిన్ని మా షాపులో కూర్చుని "నా ఫొటోలు నాకివ్వడానికి వాళ్లెవర్రా?" అని అడిగింది. నా దగ్గర జవాబు లేదు. బాబాయ్ తీసిన ఫొటోలు, పిల్లలతో మాట్లాడిన వీడియోలు ఎక్కడో భద్రంగానే ఉండి ఉంటాయి. మాకు మాత్రం లేవు.

2022 మే 24న జిల్లా పేరు విషయంలో ఇక్కడ గొడవలయ్యాక రోజుల తరబడి మొబైల్ ఇంటర్నెట్ ఆపేశారు. అప్పుడు మా మేనకోడలు మార్కుల జాబితా కాపీ నెట్‌లోంచి తీసుకోవడానికి యెదుర్లంక వంతెన దాటి పుదుచ్చేరి పరిధిలోని యానాం వెళ్లాల్సి వచ్చింది. అది కొన్నాళ్ల ఇబ్బంది, తీరిపోయింది. బాబాయ్ ఫొటోల సంగతి అలా తీరేది కాదు. అందుకే నెట్ ఉండకపోవడం కన్నా తాళం మన చేతిలో లేకపోవడాన్నే నేను పెద్ద లోటుగా చూస్తాను.

తాళం వాళ్ల దగ్గరుంటే తలుపు తీసి చూడగలిగేదీ వాళ్లే. మామూలు క్లౌడ్‌లో పెట్టిన ఫొటోల్ని కంపెనీ యంత్రాలు పరిశీలించగలవు. అమెరికాలో ఒక తండ్రి తన పసిబిడ్డకు వచ్చిన వాపును డాక్టరుకి చూపించడానికి ఫొటో తీస్తే, గూగుల్ దాన్ని పిల్లల మీద అఘాయిత్యంగా లెక్కగట్టి ఖాతా మూసేసింది. పోలీసులు తప్పేమీ లేదని తేల్చినా ఖాతా తిరిగివ్వలేదు. మెయిలు, ఫొటోలు, ఫోన్ నంబరు అన్నీ ఒకేసారి పోయాయి. 2022లో ఇది పత్రికల్లో వచ్చింది.

అయితే అన్నిటికీ ఇంత టెన్షన్ అక్కర్లేదు. మళ్లీ తెచ్చుకోగలిగినవి వేరు, తెచ్చుకోలేనివి వేరు. పొలం 1బి, అడంగల్ ప్రభుత్వ వెబ్‌సైట్ మీభూమిలో దొరుకుతాయి. రిజిస్టరైన దస్తావేజుకు సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసులో నకలు తీసుకోవచ్చు. ఆధార్, డ్రైవింగ్ లైసెన్సు లాంటివి ప్రభుత్వ యాప్ డిజిలాకర్‌లో ఉంటే చాలు. అమ్మ గొంతు, పిల్లల మొదటి అడుగు, చేతిరాత ఉత్తరాలు ఏ ఆఫీసూ మళ్లీ ఇవ్వదు. నా డిస్కులు వీటికోసమే.

డిస్కు ఒక్కటే పెట్టానా అంటే, రెండు పెట్టాను. ఒకే డిస్కు ఉంటే లేనట్టే లెక్క. టిక్ టిక్ మని చప్పుడు చేసే డిస్కు పట్టుకుని కళ్లనీళ్లతో వచ్చినవాళ్లను చాలామందిని చూశాను. మన ఉప్పుగాలికి, చెమ్మకి ఏ పరికరమూ ఎక్కువకాలం ఓర్చుకోదు. అందుకే ఒకటి చెమ్మ పీల్చే సిలికా జెల్ పొట్లంతో జిప్ కవర్లో పెట్టి మా బీరువా పై అరలో ఉంచాను. రెండోది రాజమండ్రిలో అక్క వాళ్ల మేడమీద ఉంది. దసరాకి, సంక్రాంతికి అక్క వచ్చినప్పుడు డిస్కులు మార్చుకుంటాం, కొత్త ఫొటోలు ఎక్కిస్తాం, పాతవి తెరుచుకుంటున్నాయో లేదో చూస్తాం. దొంగ ఎత్తుకెళ్లినా లోపలివి చూడకుండా వెరాక్రిప్ట్ అనే సాఫ్ట్‌వేర్‌తో, పాస్‌వర్డ్ లేకుండా తెరుచుకోని తాళం వేశాను, అది ఉచితమే. పాస్‌వర్డ్ కాగితం మీద రాసి మా ఇంట్లో ఒకటి, అక్క దగ్గర ఒకటి ఉంచాం. ఈ తాళం మరిచిపోతే తీసేవాళ్లే ఉండరు, కాబట్టి ఆ కాగితం డిస్కంత విలువైనది.

ఈ శ్రద్ధ పెట్టలేనివాళ్లు, ఒంటరిగా ఉండే పెద్దవాళ్లు క్లౌడ్‌లోనే ఉంచుకోవడం మేలు. పట్టించుకోని డిస్కు కన్నా అది నయం. గూగుల్ ఉచితంగా ఇచ్చే 15 జీబీలోనే మెయిలూ ఫొటోలూ సర్దుకోవాలి. ఫొటోలకు అపరిమితంగా చోటివ్వడం 2021 జూన్ 1తో ఆగిపోయింది. 15 జీబీ దాటితే అద్దె కడుతూనే ఉండాలి.

పెన్‌డ్రైవ్ ఒకచోటి నుంచి ఒకచోటికి తీసుకెళ్లడానికే. మన నంబరుకి మనమే వాట్సాప్‌లో పంపుకుంటే ఫొటో నాణ్యత పడిపోతుంది. జిరాక్స్ షాపు నంబరుకి ఆధార్ పంపే అలవాటు మాత్రం మానండి. ఆ కంప్యూటర్లో డౌన్‌లోడ్స్ ఫోల్డర్ తెరిస్తే ఊళ్లో సగం మంది వివరాలు కనిపిస్తాయి. తప్పనిసరైతే చివరి నాలుగంకెలే కనిపించే మాస్క్‌డ్ ఆధార్ ఇవ్వండి.

క్లౌడ్‌లోనే ఉంచుకుంటామనేవాళ్లు ఒక్క పని ఇవాళే చేయండి. రెండేళ్లు వాడని ఖాతాను గూగుల్ తీసేయవచ్చు. సెట్టింగుల్లో ఇనాక్టివ్ అకౌంట్ మేనేజర్ అని ఉంటుంది. మన తర్వాత ఆ ఫొటోలు ఎవరికి చేరాలో అక్కడ పేరు, మెయిలు రాసి పెట్టవచ్చు. పది నిమిషాల పని. మా బాబాయ్‌కి అది చెప్పినవాళ్లు లేరు.