పెన్ను కిట్లు పెట్టెల లెక్కన కొంటున్నారా? ముందు ఒక్క గొట్టం కొలిచి చూడండి

చెక్కతో పెన్నులు చేసేవాళ్లు, కొత్తగా మొదలుపెట్టాలనుకుంటున్నవాళ్లు కొనే ముందు ఇది చదవండి. పెన్ను లోహ భాగాలుండే కిట్లు 30 ఉన్న పెట్టె ఒకటి ఆన్‌లైన్‌లో కొని మోసపోయాను. మోసం అనే మాట తేలిగ్గా వాడటం లేదు. మొదటి నాలుగు పెన్నులు పాడైనప్పుడు లోపం నా చేతిలోనే ఉందనుకున్నాను. ఇన్నేళ్లు లేత్ (చెక్కను గిరగిర తిప్పే యంత్రం) ముందు నిలబడినా ఇంకా చేయి కుదరలేదేమిటని నన్ను నేనే తిట్టుకున్నాను. ఐదో పెన్ను మొదలుపెట్టే ముందు వెర్నియర్ క్యాలిపర్ చేతిలోకి తీసుకున్నాక అసలు సంగతి బయటపడింది.

నేను కొన్నది స్లిమ్‌లైన్ అనే సన్న రకం. పెన్నుకు రెండు భాగాలు, ఒక్కో భాగం లోపల ఒక ఇత్తడి గొట్టం. చెక్క ముక్కకు 7 మిల్లీమీటర్ల బిట్‌తో రంధ్రం చేసి, గొట్టాన్ని జిగురుతో అతికించి, చెక్క చివరలను గొట్టం అంచు దాకా చదును చేసి, మాండ్రెల్ అనే లేత్ కడ్డీకి ఎక్కించి చెక్కుతాం. ఆ తర్వాత మొన, తిప్పితే రీఫిల్ బయటికి వచ్చే మెకానిజం, క్లిప్పు ఒక్కొక్కటే గొట్టంలోకి నొక్కేస్తాం. మరలు లేవు, మేకులు లేవు, పెన్నంతా ఆ బిగువు మీదే నిలబడుతుంది. ఇక్కడ మిల్లీమీటరులో పదో వంతు కూడా చిన్న తేడా కాదు. గోటితో రాస్తే తగులుతుంది.

మిగిలిన 26 కిట్లలోని 52 గొట్టాలనూ వరుసగా కొలిచాను. వెలుపలి వ్యాసం ఒకదానికి 6.72, ఇంకొకదానికి 7.06. ఒకే సంచిలో వచ్చిన రెండు గొట్టాలు కూడా ఒకదానితో ఒకటి కలవలేదు. క్యాలిపర్ మీద అనుమానం వచ్చి మిత్రుడి మైక్రోమీటరుతో సరిచూశాను. అదీ అవే అంకెలు చూపించింది.

ఈ తేడా వల్ల ఏమవుతుందో కొత్తవాళ్ల కోసం చెబుతాను. గొట్టం రంధ్రం కంటే వెంట్రుకవాసి సన్నగా ఉండాలి, జిగురుకు చోటు కావాలి కదా. లావైతే లోపలికి దిగదు, బలవంతంగా దించితే చెక్క నిలువునా చీలుతుంది. నా మొదటి ముక్క అలాగే పోయింది. మరీ సన్నదైతే అంతకంటే ప్రమాదం. గొట్టం రంధ్రంలో ఒక పక్కకు ఒరిగిపోయి, జిగురు ఒకవైపే గూడుకట్టి, ఇంకోవైపు ఖాళీ మిగులుతుంది. పైకి ఏమీ తెలియదు. లేత్ మీద చెక్క పలచబడే కొద్దీ, కింద ఆధారం లేని ఆ చోట ఉలి తగలగానే ఎగిరిపోతుంది. నా మూడో ముక్క పేలి, ఒక పేడు నేరుగా ముఖానికి ఎదురుగా వచ్చింది. ముఖ కవచం మీద గీత పడింది, నా ముఖం మీద పడలేదు. ఆ రోజు మామూలు కళ్లద్దాలతో సరిపెట్టుకుని ఉంటే ఈ మాటలు ఇంకెవరైనా రాయాల్సి వచ్చేది.

బుషింగ్‌ల సంగతి ఇంకో కథ. మాండ్రెల్ మీద చెక్క ముక్కకు రెండు పక్కలా ఎక్కించే చిన్న లోహపు ఉంగరాలివి, చెక్కను ఎంత లావు దాకా చెక్కాలో చెప్పే కొలత అవే. పెట్టెలో వచ్చిన బుషింగ్ 8.3 ఉంది, దాని పక్కన కూర్చోవాల్సిన మొన భాగం 8.6. బుషింగ్‌ను నమ్మి చెక్కితే లోహం దగ్గర మెట్టు తేలుతుంది, ఎంత ఉప్పు కాగితం రుద్దినా పోదు. పైగా దాని లోపలి రంధ్రం మాండ్రెల్ మీద లొడలొడలాడుతోంది. అంటే గొట్టానికీ లేత్‌కూ కేంద్రం ఒకటి కాదు. పూర్తయిన పెన్ను ఒకవైపు లోహంతో సమంగా, రెండోవైపు ఉబ్బుగా కనిపిస్తే కారణం ఇదే. మాండ్రెల్ రెండో కొసను పట్టి ఉంచే టెయిల్‌స్టాక్‌ను మరీ బిగిస్తే మాండ్రెల్ వంగి కూడా ఇలా అవుతుంది కాబట్టి, ముందు అది చూసుకుని ఆ తర్వాతే అమ్మినవాళ్లను తిట్టండి. నేను చూసుకునే తిడుతున్నాను.

అన్నిటికంటే ఒళ్లు మండించింది పెట్టెలో పెట్టిన సూచనల కాగితం. లేత్ నడిపేటప్పుడు చేతి తొడుగులు వేసుకోమని రాశారు, తొడుగులేసిన చేతుల బొమ్మ కూడా వేశారు. తిరిగే మాండ్రెల్‌కు తొడుగు అంచు ఒక్కసారి చిక్కితే వేళ్లను కూడా లాక్కుపోతుంది. తొడుగులు, వేలాడే చొక్కా చేతులు, విడిచిన జుట్టు, ఉంగరాలు, ఏవీ లేత్ దగ్గరికి రాకూడదు. రెండో సూచన ఇంకా ఘోరం. మెరుపు కోసం సూపర్ గ్లూను నూలు గుడ్డతో పూయమన్నారు. ఆ జిగురు నూలుతో కలిస్తే ఒక్కసారిగా వేడెక్కి చర్మం కాలేంత పని చేస్తుంది. గుడ్డ తిరిగే పనిముట్టుకు చుట్టుకుంటే తెగదు కూడా. కాగితపు తువ్వాలు వాడాలి, అదైతే చుట్టుకున్నా చినిగిపోతుంది. గాలి ఆడే చోట నిలబడాలి, ఆ ఆవిరికి కళ్లు మండుతాయి. చెక్క ధూళి గురించి ఆ కాగితంలో ఒక్క ముక్క లేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ చెక్క ధూళిని మనుషుల్లో క్యాన్సర్ కలిగించే మొదటి వర్గంలో చేర్చింది. పెన్ను చిన్నదే, ఉప్పు కాగితం పట్టినప్పుడు లేచే పొడి మాత్రం ముక్కులోకే వెళుతుంది. మాస్కు లేకుండా ఆ పని చేయకండి.

బంగారు పూత అన్నది వారం రోజులు జేబులో తిరిగేసరికి క్లిప్పు అంచున తెల్లబడింది. దాని గురించి ఎక్కువ చెప్పను, చవక పూత అంతే.

అమ్మినవాళ్లకు ఫొటోలతో సహా రాశాను. చెక్క సహజ పదార్థం, పగుళ్లు సహజం అన్నారు మొదట. గొట్టాల కొలతలు పంపితే నా పనిముట్టులో దోషం ఉందన్నారు. మైక్రోమీటరు ఫొటో పంపాక అసలు షరతు బయటికి తీశారు: సంచి విప్పితే వెనక్కి తీసుకోరట. విప్పకుండా కొలవడం ఎలాగని అడిగాను, జవాబు లేదు.

కాబట్టి ఎవరి దగ్గర కొన్నా మొదట ఒకే ఒక్క కిట్ తెప్పించుకోండి. గొట్టాల వ్యాసం, బుషింగ్ పక్కన కూర్చునే లోహ భాగాల వ్యాసం ఎంతో అమ్మేవాళ్లను ముందే రాతపూర్వకంగా అడగండి. చెప్పలేనివాళ్లు కొలవనివాళ్లే. కిట్ చేతికి వచ్చాక జిగురు ముట్టుకోక ముందే ప్రతి లోహ భాగాన్నీ వేళ్లతో గొట్టంలో పెట్టి చూడండి. కొంచెం దిగి ఆగాలి. జారి పడిపోతే రేపు పెన్ను జేబులోనే విడిపోతుంది, మొదలే పెట్టనివ్వకపోతే భాగాలు నొక్కే ప్రెస్‌లో చెక్క పగులుతుంది. మీరు వాడబోయే చెక్క తుండు మీదే పరీక్ష రంధ్రం చేసి చూడండి. బిట్ మీద 7 అని రాసి ఉన్నా రంధ్రం 7 అవుతుందన్న నమ్మకం లేదు. తొందరపడి ఒక్క ఊపులో దించితే పొట్టు ఇరుక్కుని, వేడెక్కి, చెక్క లోపలే పగులుతుంది. కొద్దికొద్దిగా దించుతూ బిట్‌ను పైకి తీసి పొట్టు దులపాలి.

ఇప్పటికే ఇలాంటి పెట్టె కొని ఉంటే, వాపసు గడువు దాటకముందే ఈ కొలతలన్నీ తీసి పంపండి. ఒక్క గొట్టం అతికించినా వాళ్లకు సాకు దొరుకుతుంది.

నా 26 కిట్లలో కొలతలు కుదిరినవి 9. వాటిని బుషింగ్ లేకుండా, లేత్ రెండు కొసల్లో ఉండే మొనదేలిన సెంటర్ల మధ్య పెట్టి, లోహ భాగాన్నే క్యాలిపర్‌తో కొలుస్తూ చెక్కుతున్నాను, పని రెట్టింపు. మిగిలిన 17 ఒక డబ్బాలో పోసి, మూత మీద పెద్ద అక్షరాలతో "అతికించవద్దు" అని రాసి పైఅరలో పెట్టాను.