ఎడమవైపు ఇంప్లాంట్, ఏడేళ్ల తర్వాత

విజయవాడ బట్టల మార్కెట్ వస్త్రలతలో జాకెట్టు గుడ్డ కొని తీసుకెళ్తే, మా టైలరమ్మ నేను అడగకుండానే ఎడమ కప్పులో స్పాంజి ఇంకో పొర వేసి కుట్టేది. పదహారో ఏట నుంచీ అంతే. నా ఎడమ రొమ్ము చిన్నది, పైట కింద కూడా తెలిసిపోయేంత. ఇద్దరు పిల్లలకు పాలిచ్చాక తేడా ఇంకా పెరిగింది. 2018 జనవరిలో విజయవాడలోనే ఆ ఒక్క వైపు సిలికాన్ ఇంప్లాంట్ పెట్టించుకున్నాను. ఖర్చంతా మాదే, అందం కోసమని ఇన్సూరెన్స్ వాళ్లు పైసా ఇవ్వలేదు.

అందరూ "ఎన్ని సీసీలు?" అనే అడుగుతారు, అంటే ఇంప్లాంట్ ఎంత పెద్దదని. నాకూ అదే టెన్షన్. కవరులో బియ్యం పోసి, బ్రాలో పెట్టుకుని ఇల్లంతా తిరిగి చూశాను. డాక్టరమ్మ మాత్రం ముందు టేపు తీసి రొమ్ము వెడల్పు కొలిచారు. ఇంప్లాంట్ అంతకన్నా వెడల్పయితే చంక వైపు అంచు తేలుతుందట. నేను 240 అంటే ఆవిడ 180 దగ్గరే ఆగారు. అప్పుడు అలిగాను గానీ, ఇప్పుడు చూసుకుంటే అదే ఎక్కువేమో అనిపిస్తుంది.

ఆపరేషన్ తర్వాత ఆరు వారాలు గ్యాస్ బండ, నీళ్ల బిందె ముట్టుకోవద్దన్నారు. జనవరి కాబట్టి సరిపోయింది. వాళ్లు వేసుకోమన్న బిగుతు బ్రా మే నెల బెజవాడ ఎండలో వేసుకోవడం నా వల్ల అయ్యేది కాదు. ఎవరూ ముందు చెప్పని సంగతి ఇంకోటి ఉంది. కండరం కింద పెట్టారు కదా, చపాతీ పిండి గట్టిగా పిసికితే ఎడమది పైకి ఎగురుతుంది. నొప్పేం లేదు. మా ఆయన మొదటిసారి చూసి నవ్వాపుకోలేకపోయారు.

నేను సన్నగా ఉంటాను. ఏడాది తిరిగేసరికి, ముందుకు వంగితే లోపలి అంచున ముడతలు కనిపించాయి, వాటర్ ప్యాకెట్టు మీద పడ్డట్టు. అందుకే 2019 చివర్లో కొవ్వు ఎక్కించుకున్నాను. తొడల నుంచి తీసి, శుభ్రం చేసి, సన్న గొట్టంతో చర్మం కింద కొంచెం కొంచెంగా పలుచోట్ల వేస్తారు. ఒకేచోట కుమ్మరిస్తే రక్తం అందక ఆ కొవ్వు చచ్చిపోతుంది. రొమ్ము కన్నా తొడలే ఎక్కువ బాధపెట్టాయి, రెండూ కమిలి వంకాయ రంగుకు తిరిగాయి. మొదటి నెల అద్దంలో చూసుకుని మురిసిపోయాను. మూడో నెలకు చాలావరకు కరిగిపోయింది. మిగిలినదే నిలిచింది, ముడతలు దాదాపు మాయమయ్యాయి.

తర్వాతి ఏడాది అక్కడే బఠాణీ గింజంత గడ్డ చేతికి తగిలింది. రెండు రాత్రులు నిద్ర లేదు. స్కాన్‌లో చూస్తే, చచ్చిన కొవ్వు చేరి నూనె తిత్తి అయిందన్నారు. అప్పటి నుంచి ఏ పరీక్షకు వెళ్లినా ఇంప్లాంట్ ఉందని, కొవ్వు కూడా ఎక్కించారని ముందే చెప్తున్నాను.

ఏ రకం ఇంప్లాంట్ పెట్టారో రాసి ఇచ్చే కార్డు మాత్రం పారేయకండి. 2019 జులైలో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ కోరడంతో అలర్గాన్ కంపెనీ తన గరుకు రకం బయోసెల్ ఇంప్లాంట్లను వెనక్కి పిలిచింది, లింఫోమా అనే అరుదైన క్యాన్సర్ భయంతో. ఆ వార్త చూసి బీరువా అంతా తిరగేశాను. నాది నునుపు రకమని కార్డు దొరికాకే తెలిసింది. ఇది జీవితాంతం ఉండే వస్తువు కాదు. పెట్టించుకున్న ఐదారేళ్లకు మొదటిసారి, ఆపైన రెండు మూడేళ్లకొకసారి స్కాన్ చేయించమంటారు. నాది 2023లో చేయించాను, బాగానే ఉంది.

ఇప్పుడు కొత్త తేడా మొదలైంది. కుడిది వయసుతో జారుతోంది, ఎడమది ఉన్నచోటే ఉంది. టైలరమ్మకు ఆపరేషన్ సంగతి ఇప్పటికీ చెప్పలేదు. స్పాంజి వద్దన్న రోజున టేపు రెండుసార్లు పెట్టి చూసి, "వయసొస్తే అవే సర్దుకుంటాయిలేమ్మా" అని ఆవిడే తేల్చేసింది.