హిస్టరీ, పాలిటిక్స్: రెండూ కలిపి చదవాలా, ఒకదాన్నే పట్టుకోవాలా?

మా అక్క కూతురు హెచ్‌ఈసీ (హిస్టరీ, ఎకనామిక్స్, సివిక్స్)తో ఇంటర్ పూర్తి చేసింది. మొన్న గాజువాకలో వాళ్లింటికి వెళ్తే ఉప్మా ప్లేటు చేతికిచ్చి పక్కనే కూర్చుంది. "పిన్నీ, డిగ్రీలో హిస్టరీ తీసుకోనా, పాలిటిక్సా? రెండూ కలిపి చదవొచ్చా?" అక్క వంటింట్లోంచే అందుకుంది: "రెండూ వద్దు, బీకాం కంప్యూటర్స్ తీసుకోమని చెప్పవే." బీకాం గురించి చెప్పేవాళ్లు ఊళ్లో బోలెడుమంది ఉన్నారు, దాన్ని వాళ్లకే వదిలేస్తాను.

నేను హెచ్‌ఈపీ బ్యాచ్. అప్పట్లో హిస్టరీ, ఎకనామిక్స్, పాలిటిక్స్ మూడూ సమానం. ఏది ఇష్టమని ఎవరూ అడగలేదు, గ్రూపంటే గ్రూపే. 2023-24లో మన రాష్ట్రంలో సింగిల్ మేజర్ పద్ధతి వచ్చింది. ఒక సబ్జెక్టు మేజర్, దానికి తోడు ఇంకోటి మైనర్. మూడేళ్లకి డిగ్రీ, నాలుగో ఏడాది కూడా చదివితే ఆనర్స్. అంటే ఈ పద్ధతిలో 'రెండూ కలిపి' అంటే సగం సగం కాదు. దేనికి పెద్దపీట వేయాలో చేరేముందే తేల్చుకోవాలి.

కలిపి చదవడమనే మాట వినడానికి బాగానే ఉంటుంది. చరిత్ర లేని రాజనీతి శాస్త్రానికి వేరు లేదు, రాజనీతి శాస్త్రం లేని చరిత్రకి ఫలం లేదు అని ఇంగ్లిష్ చరిత్రకారుడు సీలీ అన్న మాట సివిక్స్ చదివినవాళ్లకి గుర్తుండే ఉంటుంది. నేనూ బట్టీపట్టి రాశాను. కానీ మా కాలేజీలో ఆ వేరుకీ ఫలానికీ మధ్య కాండం ఉండేది కాదు. పదింటికి హిస్టరీ మేడం ఢిల్లీ సుల్తానులు చెప్పి వెళ్లేవారు. పదకొండింటికి పాలిటిక్స్ సారు వచ్చి సార్వభౌమత్వం లక్షణాలు రాయించేవారు. మరి సుల్తానుకి సార్వభౌమత్వం ఉన్నట్టా లేనట్టా అని ఒక్కరూ అడగలేదు. మాకూ తట్టలేదు. టైంటేబుల్‌లో రెండూ పక్కపక్కన ఉన్నంత మాత్రాన అవి కలవవు. కలుపుకోవాల్సింది చదివేవాళ్లే.

నాకు కలిసింది ఫైనలియర్‌లో, పాడేరు వైపు నుంచి వచ్చిన ఒక క్లాస్‌మేట్ వల్ల. వాళ్ల ఊళ్లో భూమి మాట వస్తే చాలు, 'వన్ ఆఫ్ సెవెంటీ' అంటారట. అదేమిటని తవ్వుకుంటూ వెళ్తే రెండు సబ్జెక్టులూ ఒకే దారిలో ఎదురయ్యాయి. 1839లో బ్రిటిష్‌వాళ్లు గంజాం, విశాఖపట్నం జిల్లాల కొండ ప్రాంతాలను మామూలు చట్టాల నుంచి తప్పించి, కలెక్టర్‌ని గవర్నర్ ఏజెంటుగా పెట్టారు. మనం ఇప్పటికీ అలవాటుగా అనే 'ఏజెన్సీ' అక్కడ పుట్టిన మాటే. 1882 మద్రాసు అటవీ చట్టంతో పోడు మీద, అంటే కొండవాలున చెట్లు నరికి కాల్చి చేసే సేద్యం మీద, అడవి మీద ఆంక్షలు బిగిశాయి. గూడెం కొండల్లో రోడ్డు పనికి గిరిజనులతో వెట్టి చేయించారు. 1922 ఆగస్టులో అల్లూరి సీతారామరాజు చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీస్ స్టేషన్ల మీద వరసగా దాడి చేశారు.

ఇంతవరకూ హిస్టరీ పేపరు. ఇక పాలిటిక్స్ పేపరు తెరిస్తే రాజ్యాంగంలో గిరిజన ప్రాంతాల పాలన గురించి చెప్పే ఐదో షెడ్యూలు. దాని కింద 1959లో ఒక భూబదిలీ రెగ్యులేషన్, దాన్ని ఇంకా బిగిస్తూ 1970లో వచ్చిన ఒకటో రెగ్యులేషన్. వన్ ఆఫ్ సెవెంటీ అంటే అదే. షెడ్యూల్డ్ ప్రాంతంలో గిరిజనేతరుడు తన భూమిని ఇంకో గిరిజనేతరుడికి అమ్మినా చెల్లదు. బొర్రా దగ్గర గనుల లీజుల మీద నడిచిన సమతా కేసులో 1997లో సుప్రీంకోర్టు ఇంకో అడుగు వేసింది. అక్కడ గిరిజనేతరులకు లీజులివ్వడం ప్రభుత్వానికి కూడా కుదరదంది.

హిస్టరీ ఒక్కటే చదివితే ఈ కథ 1924 మే 7న సీతారామరాజు మరణంతో ఆగిపోతుంది. పాలిటిక్స్ ఒక్కటే చదివితే ఐదో షెడ్యూలు ఆకాశం నుంచి ఊడిపడ్డట్టు ఉంటుంది. కలిపి చదవమని నేననేది ఇందుకే. రెండు సర్టిఫికెట్ల ఆశతో కాదు.

ఉద్యోగాల లెక్క వేరు. అక్కకి కావాల్సింది అదే. గ్రూప్-2 మెయిన్స్ మొదటి పేపరు 150 మార్కులు. అందులో 75 ఆంధ్రప్రదేశ్ సామాజిక, సాంస్కృతిక చరిత్రకి, 75 రాజ్యాంగానికి. మన కాంబినేషన్ చూసి పెట్టినట్టే ఉంటుంది. స్కూల్ అసిస్టెంట్ సోషల్ పోస్టుకి కూడా పాత నోటిఫికేషన్లు డిగ్రీలో ఒకటికి మించి సోషల్ సబ్జెక్టులు అడిగాయి. మేజర్, మైనర్ వాళ్లని ఎలా లెక్కేస్తారో నోటిఫికేషన్ వచ్చినప్పుడు జాగ్రత్తగా చదువుకోవాలి. సివిల్స్‌లో మాత్రం సగమే లాభం. జనరల్ స్టడీస్‌లో చరిత్ర మొదటి పేపరుకి, పాలన రెండో పేపరుకి పనికొస్తాయి. ఆప్షనల్ దగ్గరికి వచ్చేసరికి ఒక్కటే సబ్జెక్టు, రెండు పేపర్లు, 500 మార్కులు. అక్కడ రెండిట్లో పైపైన తెలిసినవాళ్ల కంటే ఒకదాంట్లో లోతుగా దిగినవాళ్లదే పైచేయి.

లెక్చరర్ కావాలంటే కలిపి చదివినందుకు విడిగా మార్కులేమీ లేవు. జూనియర్ లెక్చరర్ పోస్టుకి ఆ సబ్జెక్టులోనే పీజీ ఉండాలి. డిగ్రీ కాలేజీల్లో చెప్పడానికి అర్హత పరీక్ష నెట్ కూడా ఒక సబ్జెక్టులోనే రాయాలి. ఆంధ్రా యూనివర్సిటీలో చరిత్ర, పురావస్తు శాస్త్రం ఒక శాఖ. పాలిటిక్స్, పబ్లిక్ అడ్మినిస్ట్రేషన్ ఇంకో శాఖ. పీజీ ప్రవేశ పరీక్ష పీజీసెట్ నాడు ఏ గుమ్మం ఎక్కాలో ఎలాగూ తేల్చుకోక తప్పదు. డిగ్రీలో రెండూ రుచి చూసినవాళ్లు ఆ రోజు తడబడరు, అంతే.

మరి ఏది మేజర్? నేను హిస్టరీలో ఎంఏ చేసినదాన్ని, నా మాటలో పక్షపాతం ఉంటుంది, కాస్త తగ్గించుకుని వినండి. నా ఓటు హిస్టరీ మేజర్, పాలిటిక్స్ మైనర్. ఎందుకంటే పాలిటిక్స్‌ని రోజూ పేపరు చదువుతూ, రాజ్యాంగం ముందు పెట్టుకుని సొంతంగా కొంత దూరం నెట్టుకు రావచ్చు. హిస్టరీలో అసలు విద్య ఆధారాన్ని చదవడం. ఇది ఎవరు రాశారు, ఎవరి కోసం రాశారు, ఏం దాచారు? ఈ అలవాటు పక్కన చెప్పేవాళ్లు లేకుండా అబ్బడం కష్టం. పైగా విశాఖలో ఉండి దీన్ని వదులుకోవడమేమిటి? సింహాచలం గుడి గోడల మీద, స్తంభాల మీద వందల శాసనాలున్నాయి, 1516 నాటి కృష్ణదేవరాయల శాసనంతో సహా. భీమిలి రోడ్డులో తొట్లకొండ ఉంది. 1976లో నేవీ వాళ్లు విమానంలోంచి సర్వే చేస్తుంటే బయటపడిన బౌద్ధారామం అది. ప్రీవెడ్డింగ్ షూట్లకి వెళ్లేవాళ్లే వెళ్తున్నారు, హిస్టరీ పిల్లలు ఎందుకు వెళ్లరో!

పాలిటిక్స్ మేజర్ ఎవరికి నప్పుతుందంటే, విదేశీ వ్యవహారాలు, ఎన్నికలు, పాలనా యంత్రాంగం అంటే నిద్ర మానుకుని చదివేవాళ్లకి. ఇంకో మొరటు కారణం కూడా ఉంది. కొన్ని కాలేజీల్లో ఒక సబ్జెక్టుకి రెగ్యులర్ లెక్చరర్ ఉంటారు, ఇంకోదానికి గెస్ట్ ఫ్యాకల్టీ వచ్చీ రాక ఉంటారు. మంచి మేడమో సారో ఉన్న సబ్జెక్టునే మేజర్ చేసుకోండి. వెబ్ ఆప్షన్లు పెట్టకముందే కాలేజీకి వెళ్లి సీనియర్లని అడిగితే పది నిమిషాల్లో నిజం తెలిసిపోతుంది. మీరు అనుకున్న మైనర్ అక్కడ అసలు ఉందో లేదో కూడా అప్పుడే అడగండి.

మూడో దారి అయిదేళ్ల లా. సబ్బవరంలో దామోదరం సంజీవయ్య జాతీయ న్యాయ విశ్వవిద్యాలయం ఉంది, అక్కడికి క్లాట్ రాయాలి. మిగతా లా కాలేజీలకి లాసెట్. బీఏ ఎల్ఎల్‌బీలో ఈ సబ్జెక్టుల ముక్కలు వస్తాయి గానీ అక్కడ అవి వడ్డనలో పచ్చడి లాంటివి. ఖర్చు ఎక్కువ, ఏళ్లు ఎక్కువ, చివర్లో చేతిలో ఒక వృత్తి ఉంటుంది. వాదన పెట్టుకోకుండా అన్నం తినలేని పిల్లలకి ఇదే మేలు. మా పిల్ల అలాంటిది కాదు.

ఇదంతా చెప్పాక తనకొక పరీక్ష పెట్టాను. విశాఖ స్టీల్ ప్లాంట్ వార్త ఒకటి తీసి, "ఇది చదివితే నీకు ముందు ఏ ప్రశ్న వస్తుంది?" అన్నాను. 2021 జనవరిలో కేంద్రం వాటాలన్నీ అమ్మాలని నిర్ణయించింది, ఆ మే నెలలో మన అసెంబ్లీ వద్దని తీర్మానం చేసింది. మరి అసెంబ్లీ తీర్మానాన్ని కేంద్రం ఎందుకు ఖాతరు చేయనక్కర్లేదు? ఈ ప్రశ్న ముందొస్తే పాలిటిక్స్. 1966లో ఈ ప్లాంట్ విశాఖకే కావాలని అమృతరావు నిరాహార దీక్షకి కూర్చున్నప్పుడు రోడ్డెక్కినవాళ్లు ఎవరు, 32 మంది చనిపోయారంటారే, వాళ్ల గురించి ఎవరు రాసిపెట్టారు? ఇది ముందొస్తే హిస్టరీ.

తను కాసేపు ఆలోచించి, "అప్పటికి తాతయ్య కాలేజీలో ఉన్నాడు కదా?" అంది. వరండాలో పడక్కుర్చీలో ఉన్న ఆయన దగ్గరికి ఫోన్ పట్టుకుని వెళ్లింది, రికార్డు చేస్తానంటూ. "నోట్సు కూడా రాసుకో, తారీఖులు తప్పు చెబుతాడు," అంది అక్క లోపల్నుంచి.