తొమ్మిదేళ్లుగా చేతులతో మాట్లాడుతున్నాను: నాకు పనికొచ్చినవి, వదిలేసినవి

వ్యవసాయ విస్తరణ అధికారిగా తొమ్మిదేళ్లుగా రైతుల ముందు మాట్లాడుతున్నాను. రచ్చబండ దగ్గర ఇరవై మంది, రైతు వేదికలో రెండు వందల మంది, పొలం గట్టు మీద నలుగురైదుగురు. మాట్లాడేటప్పుడు చేతులు ఎలా వాడాలో శిక్షణ తరగతుల్లో చెప్పినవన్నీ ఈ మూడు చోట్లా వాడి చూశాను.

మొదటి ఏడాదంతా చేతిలో కాగితం ఉండేది. అది వణుకుతుంటే నా టెన్షన్ ముందు వరసకు తెలిసిపోయేది. తర్వాత ఒక శిక్షణలో మాట ప్రభావం 7 శాతమే, గొంతుది 38, హావభావాలది 55 అన్నారు. నమ్మి, ప్రతి వాక్యానికీ చెయ్యి కదపడం మొదలుపెట్టాను. ఒకరోజు నా వీడియోను శబ్దం తీసేసి చూస్తే, చేతులు ఆగకుండా కదులుతున్నాయి గానీ ఒక్క కదలికకూ అర్థం లేదు. ఆ అంకెలు 1967లో ఆల్బర్ట్ మెహ్రాబియన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త చేసిన ప్రయోగాలవని తర్వాత చదివాను. ఒక్కో విడి మాట వినిపించి, చెప్పేవారికి ఇష్టమో అయిష్టమో వినేవాళ్లు ఎలా పోల్చుకుంటారో చూసిన ప్రయోగాలవి. మామూలు ప్రసంగాలకు వర్తించవని ఆయనే చెప్పారు. ఇంకా చాలాచోట్ల ఆ అంకెలే చెబుతున్నారు, అదే నాకు బాధ. శబ్దం తీసేసి వీడియో చూసుకోవడం మాత్రం ఇప్పటికీ మానలేదు.

నాకు నిజంగా పనికొచ్చింది కొలత చూపించడం. బెత్తెడు, జానెడు, మూరెడు, బారెడు... మన భాషలో చెయ్యే కొలబద్ద. వరి నాట్లలో ప్రతి 2 మీటర్లకు 20 సెంటీమీటర్ల కాలిబాట వదలమని చెబుతాం. గాలి, వెలుతురు సోకితే వరికి పట్టే సుడిదోమ అనే పురుగు ఉధృతి తగ్గుతుంది. సెంటీమీటర్లలో చెప్పినన్నాళ్లూ తలలు ఊపేవాళ్లు, పొలంలో బాట కనిపించేది కాదు. టేపు పెట్టి చూసుకుంటే నా జానెడు 19 సెంటీమీటర్లు. బారెడూ రెండు జానలూ కలిపితే సుమారు రెండు మీటర్లు. ఇప్పుడు రెండు చేతులూ బార్లా చాచి, అలాగే రెండు క్షణాలు ఆగుతాను. తర్వాత కుడిచేతి జానను గుండె ఎత్తులో పట్టి చూపిస్తాను. ఆ ఆగడంలోనే అంతా ఉంది. మొన్న వానాకాలం మీటింగులో ముందు వరసలో కూర్చున్న ఒక పెద్దావిడ నా జాన చూసి తన ఒళ్లో చీర మీద జాన పెట్టుకుంది. మళ్లీ పెట్టి పక్కనున్న కోడలికి చూపించింది. పదిహేను రోజులకు వాళ్ల మడికి వెళితే కాలిబాటలు తీసి ఉన్నాయి.

సుడిదోమ సంగతి చెప్పేటప్పుడూ అంతే. అది దుబ్బు మొదట్లో, నీటికి కాస్త పైన ఉంటుంది. అందుకే వంగి, రెండు చేతులతో దుబ్బు విడదీసి లోపలికి చూస్తున్నట్టు చేస్తాను. పురుగు పేరు మరిచిపోయినా ఎక్కడ వెతకాలో మరిచిపోరు.

వేలు చూపించడం పూర్తిగా మానేశాను. మందులు అతిగా కొట్టే వాళ్ల గురించి మాట్లాడుతూ తెలియకుండానే ఒకాయన వైపు వేలు పెట్టాను. "నన్నే జూపిస్తున్నవేంది మేడం? నేనొక్కన్నే కొడుతున్ననా?" అని లేచి వెళ్లిపోయారు. తండ్రి వయసు మనిషి. మర్నాడు ఇంటికి వెళ్లి క్షమించమని అడిగాను. అప్పటి నుంచి వేళ్లు కలిపి, అరచెయ్యి పైకి ఉంచి, పెద్దవాళ్లను "రండి, కూర్చోండి" అన్నట్టే చూపిస్తున్నాను. చేత్తో పట్టుకునే మైకు ఉంటే అది ఎడమచేతిలో, చూపించడం కుడిచేత్తో.

మైకు పట్టుకుంటే బారెడు చూపించలేం. అందుకని నా డబ్బుతో కాలర్ మైకు కొనుక్కున్నాను, నాలుగేళ్లయింది. హాలులో బాగా పనిచేస్తుంది. బయట గాలికి హోరు వస్తుంది, చున్నీ రాసుకుంటే గరగరమంటుంది. చున్నీకి పిన్ను పెట్టి, మైకు రెండోవైపు తగిలిస్తున్నాను.

దిక్కులు చూపేటప్పుడు కూడా జాగ్రత్త కావాలి. కాలిబాటలు తూర్పు పడమరలుగా ఉండాలి. పటంలో ఉన్నట్టు కుడివైపు చెయ్యి చాపి తూర్పు అంటే, "తూర్పు గటు గాదు మేడం, గిటు" అని దిద్దారు. ఇప్పుడు హాలులో అడుగుపెట్టగానే ముందు తూర్పు ఎటో చూసుకుంటాను. వరుసగా జరిగే పనులు చెప్పాల్సి వస్తే నా కుడి నుంచి ఎడమకు చెయ్యి జరుపుతాను, ఎదురుగా ఉన్నవాళ్లకు అది ఎడమ నుంచి కుడికి కనిపిస్తుంది.

ఎవరైనా కోపంగా ప్రశ్న అడిగేటప్పుడు చేతులు ఏం చేయాలన్నది చాలాకాలం కుదరలేదు. కట్టుకుంటే వినడం లేదనుకుంటారు, వెనక్కి పెట్టుకుంటే తనిఖీకి వచ్చినట్టుంటుంది. రెండేళ్లుగా చిన్న నోటుబుక్కు దగ్గర పెట్టుకుని, వాళ్లు మాట్లాడుతున్నంతసేపూ రాసుకుంటున్నాను. రాసింది చదివి వినిపించి, అప్పుడు జవాబు మొదలుపెడతాను.