నరకంపై నాలుగు వాదాలు: ‘ఫోర్ వ్యూస్ ఆన్ హెల్’ రెండో కూర్పు

జాండర్వన్ సంస్థ ‘కౌంటర్‌పాయింట్స్’ వరుసలో 2016లో వెలువరించిన ‘ఫోర్ వ్యూస్ ఆన్ హెల్’ రెండో కూర్పులో నరకం లేదని చెప్పేవారు ఒక్కరూ లేరు. నలుగురు రచయితలూ బైబిలును దైవవాక్యంగా అంగీకరించేవారే, నలుగురూ తీర్పునూ శిక్షనూ నమ్మేవారే. ఆ శిక్ష ఎంతకాలం ఉంటుంది, దేనికోసం విధిస్తారు, చివరికి ఏమి మిగులుతుంది అన్న చోటే వారు విడిపోతారు. సంపాదకుడు ప్రెస్టన్ స్ప్రింకిల్ ముందుమాటలోనే ఈ హద్దులు గీసి, ఒక్కో రచయితకు ఒక్కో వ్యాసం, దానిపై మిగిలిన ముగ్గురికీ ప్రతిస్పందన రాసే అవకాశం ఇచ్చారు. రెండు వందల పైచిలుకు పేజీల ఈ పుస్తకంలో అసలు విలువ, నా దృష్టిలో, ఆ పన్నెండు ప్రతిస్పందనలలోనే ఉంది.

1992 నాటి మొదటి కూర్పుతో పోల్చి చూస్తే చర్చ ఎంత కదిలిందో తెలుస్తుంది. అప్పట్లో నలుగురిలో ఇద్దరు నిత్యనరకాన్నే, అంటే అంతులేని యాతననే, సమర్థించారు. నరకాగ్ని నిజమైన అగ్నియా, అలంకారమా అన్నదే వారిద్దరి మధ్య వాదం. ఈ కూర్పులో నిత్యనరకానికి ఒక్క వ్యాసమే దక్కింది, అగ్ని స్వభావం గురించిన తగవు దాదాపు వెనక్కు పోయింది. అందరూ చివరికి దేవునితో సమాధానపడతారన్న వాదానికి మొదటి కూర్పులో చోటే లేదు. ఇప్పుడు దానికి పూర్తి అధ్యాయం ఉంది.

మొదటి వ్యాసం డెన్నీ బర్క్‌ది. ఆయన ఒక ఉపమానంతో మొదలుపెడతారు. దారి పక్కన కూర్చున్న ఒక మనిషి మిడత కాళ్లు పీకుతున్నాడు; మిడత స్థానంలో కప్పను, తర్వాత పక్షిని, కుక్కపిల్లను, చివరికి పసిబిడ్డను ఊహించుకోమంటారు. చేసిన పని ఒకటే అయినా, ఎవరికి చేశాడన్నదాన్ని బట్టి నేరం పెరుగుతుంది కాబట్టి, అనంతుడైన దేవునికి విరోధంగా చేసిన పాపానికి అంతులేని శిక్షే తగినదని ఆయన నిర్ణయం. ఆ తర్వాత యెషయా 66 నుంచి ప్రకటన గ్రంథం 20 వరకు పది వాక్యభాగాలను వరుసగా తీసుకుని, ప్రతిదానిలో తుది ఎడబాటు, ముగియని అనుభవం, న్యాయమైన ప్రతిఫలం అనే మూడు లక్షణాలను చూపిస్తారు. ఈ క్రమశిక్షణ మెచ్చుకోదగినదే. మత్తయి 25:46లో “వీరు నిత్యశిక్షకును నీతిమంతులు నిత్య జీవమునకును పోవుదురు” అన్నప్పుడు జీవం అంతులేనిదైతే శిక్షకు మాత్రం అంతం ఎలా ఉంటుందన్న ప్రశ్నకు మిగిలిన ముగ్గురూ చెమటోడ్చి జవాబు చెప్పవలసి వచ్చింది. అయితే పదింటిలో మొదటిదే ఆయనకు ఇబ్బంది తెచ్చింది. యెషయా 66:24లో పురుగు చావనిది, అగ్ని ఆరనిది “కళేబరముల” విషయంలో. అక్కడ బాధపడుతున్న ప్రాణులు కనిపించరు. ఆ శరీరాలు అంతులేని శిక్షకు తగినట్లు మార్చబడినవని మనం భావించాలని బర్క్ అంటారు. కానీ ఆ మాట వచనం చెబుతున్నది కాదు, ఆయన సిద్ధాంతం వచనానికి అప్పుగా ఇస్తున్నది.

ఆ పదింటిలో లేని భాగం ఒకటి తెలుగు పాఠకుడికి వెంటనే తోస్తుంది. మన సంఘాల్లో, సువార్త సభల్లో నరకం గురించిన ప్రసంగం లూకా 16లోని ధనవంతుడు, లాజరుల కథ లేకుండా సాగడం అరుదు. బర్క్ దానిని తన జాబితాలో చేర్చలేదు. ఆ ధనవంతుడు యాతనపడుతున్నది పాతాళంలో, అంటే పునరుత్థానానికి ముందు మృతులు ఉండే చోట. అతని అయిదుగురు సహోదరులు ఇంకా భూమిమీద బతికే ఉన్నారు. ప్రకటన 20:14 ప్రకారం ఆ మృతుల లోకమే చివరికి అగ్నిగుండంలో పడవేయబడుతుంది. మధ్యస్థితినీ తుదిస్థితినీ కలిపేసి బోధించే అలవాటు మనలో ఎంత లోతుగా ఉందో గ్రహించడానికి ఈ ఒక్క గైర్హాజరీ చాలు. ఈ తేడాను సంపాదకుడు ముందే విడమరచి చెప్పి ఉంటే బాగుండేది.

జాన్ స్టాక్‌హౌస్ తన పక్షాన్ని అంతిమ శిక్ష అంటారు. దుష్టుడు తన పాపానికి తగినంత శ్రమ అనుభవించి, ఆపై ఉనికిలో లేకుండా పోతాడు. శిక్ష ఫలితం నిత్యం, అనుభవం కాదు. “పాపమువలన వచ్చు జీతము మరణము” అన్న రోమా 6:23 ఆయనకు మూలస్తంభం. కొత్త నిబంధనలోని యూదా పత్రికలో సొదొమ “నిత్యాగ్ని” అనుభవించిందని ఉన్నా ఆ పట్టణం నేటికీ మండుతూ లేదు కదా అన్నది ఆ పక్షపు బలమైన సాక్ష్యం. క్రీస్తు మన స్థానంలో శ్రమపడి మరణించాడే గాని అనంతకాలం యాతనపడలేదన్న సిలువ వాదం పుస్తకం మొత్తంలో నన్ను ఎక్కువసేపు ఆపింది; దానికి నిత్యనరకవాది ఇవ్వగల జవాబు, అంటే ఆ శ్రమ అనుభవించినవాడు అనంతుడన్నది, తిరిగి బర్క్ ఉపమానం దగ్గరికే చేరుతుంది. స్టాక్‌హౌస్ తడబడేది ప్రకటన గ్రంథంలో. అపవాది, క్రూరమృగం, అబద్ధప్రవక్త “యుగయుగములు రాత్రింబగళ్లు బాధింపబడుదురు” అన్న 20:10 అంత సులభంగా లొంగదు.

నాలుగింటిలో రచనగా ఉత్తమమైనది, అందరూ చివరికి దేవునితో సమాధానపడతారని వాదించే రాబిన్ ప్యారీ వ్యాసం. 2006లో ఇదే విషయంపై పుస్తకం రాసినప్పుడు ఆయన గ్రెగరీ మెక్‌డొనాల్డ్ అనే మారుపేరు పెట్టుకున్నారు. ఇవాంజెలికల్ వర్గాల్లో ఈ అభిప్రాయానికి ఎంత వెల చెల్లించవలసి వస్తుందో దాన్నిబట్టి ఊహించవచ్చు. ఆయన విడి వచనాలతో మొదలుపెట్టరు. సృష్టి, పతనం, విమోచన, సంపూర్ణత అనే మొత్తం కథలో నరకం ఏ చోట ఇముడుతుందని అడుగుతారు. కొలొస్సయులకు 1లో క్రీస్తు ద్వారా సృష్టించబడిన సమస్తమూ ఆయన ద్వారానే సమాధానపరచబడుతుందని ఉంది. 1 కొరింథీయులకు 15:22లో ఆదామునందు మరణించే “అందరు” క్రీస్తునందు బ్రతికింపబడే “అందరు” ఒకటేనా కాదా అన్నది తేలాలి. ప్రకటన 21లో అంతవరకూ గొర్రెపిల్లకు శత్రువులైన భూరాజులే కొత్త యెరూషలేములోకి తమ మహిమను తెస్తారు, దాని గుమ్మాలు ఎన్నడూ మూయబడవు. ఇదంతా చదివేటప్పుడు మనసు మొగ్గుతుంది, కాదనను. కానీ రెండవ మరణం, అంటే అగ్నిగుండం, తర్వాత మారుమనస్సు పొందినవాడు ఒక్కడైనా లేఖనంలో కనిపించడు. తెరచిన గుమ్మం ఒక అవకాశాన్ని సూచిస్తుందే తప్ప, అందరూ లోపలికి వచ్చారని చెప్పదు.

జెర్రీ వాల్స్ అధ్యాయం ఆసక్తికరమే గాని ఈ పుస్తకంలో సరిగా అతకలేదు. ఆయన సమర్థించే శుద్ధీకరణ స్థలం, అంటే మరణించినవారు పరలోకానికి ముందు శుద్ధి పొందే స్థితి, రక్షింపబడినవారికోసం. తిరస్కరించినవారి విషయంలో ఆయన నిత్యనరకాన్నే నమ్ముతారు. అంటే ఇది నరకంపై నాలుగో అభిప్రాయం కాదు, పరలోకానికి వెళ్లే దారిపై ఒక అభిప్రాయం. ప్రొటెస్టంటు అయిన వాల్స్, పాపరుణం తీర్చడంగా కాక పరిశుద్ధత పూర్తికావడంగా దీనిని వివరించి, 1 కొరింథీయులకు 3లోని పనిని పరీక్షించే అగ్నిని ఆధారం చేసుకుంటారు. మృతుల కోసం ప్రార్థించడానికి కతోలికులు చూపే 2 మక్కబీయులు 12వ అధ్యాయం ప్రొటెస్టంటు బైబిళ్లలో ఉండదు గనుక, ఆయన వాదం తర్కం మీదే ఎక్కువ నిలుస్తుంది. మృతులను స్మరించుకునే నవంబరు 2న సమాధులు కడిగి, సున్నం వేసి, పూలూ కొవ్వొత్తులూ పెట్టే మన ఊళ్లలో ఆ దీపాల వెనుక ఏ నమ్మకం ఉందని అడిగితే కతోలికులు ఒక జవాబు, లూథరన్లూ బాప్టిస్టులూ మరో జవాబు చెబుతారు. ఆ పాఠకులకు ఈ అధ్యాయం వృథా కాదు.

ప్రతిస్పందనలు చదివాక నాకు స్పష్టమైనది, తగవు వచనాల సంఖ్యలో లేదని. నలుగురూ దాదాపు అవే వచనాలను తిరగేస్తున్నారు. బర్క్ దేవుని ఘనత నుంచి బయలుదేరితే, స్టాక్‌హౌస్ మరణమనే దండన నుంచి, ప్యారీ సృష్టి ఉద్దేశం నుంచి, వాల్స్ పరిశుద్ధత అవసరం నుంచి బయలుదేరుతారు. బయలుదేరిన చోటే చాలావరకు గమ్యాన్ని నిర్ణయిస్తోంది. పుస్తకం ఈ సంగతిని ఎక్కడా సూటిగా చర్చకు పెట్టకపోవడం పెద్ద లోటు. మరో లోటు, నలుగురూ ఉత్తర అమెరికా, ఇంగ్లండులకు చెందిన ప్రొటెస్టంటులే కావడం. దేవుని ప్రేమే తిరస్కరించినవారికి దహనంగా అనుభవమవుతుందన్న తూర్పు ఆర్థడాక్స్ ఆలోచనకు అధ్యాయం లేదు. నీస్సా గ్రెగరీ వంటి తొలి సంఘ పితరులు సర్వ పునరుద్ధరణను, అంటే అందరూ చివరికి దేవుని దగ్గరికి చేరడాన్ని, ఆశించారన్నదీ, అదే ఆశను బోధించిన ఒరిగెన్ బోధలను 543లో జస్టీనియన్ చక్రవర్తి ఖండించాడన్నదీ, అగస్టీను ‘దేవుని పట్టణం’ 21వ భాగంలో నిత్యశిక్షను సుదీర్ఘంగా సమర్థించాడన్నదీ తెలిసి చదివితే వాదాల వయసు అర్థమవుతుంది. ఆ చరిత్రకు ఇక్కడ దక్కిన చోటు తక్కువ.

ఇంగ్లీషు కఠినం కాదు. కొత్త నిబంధన మూలభాష అయిన గ్రీకు రానివారికీ వాదం అందుతుంది. తెలుగు బైబిలు పక్కన తెరచి ఉంచుకుని, ఒక వ్యాసం, వెంటనే దాని మూడు ప్రతిస్పందనలు అన్న వరుసలోనే చదవాలి. నాలుగు వ్యాసాలను ముందు చదివేసి జవాబులకు తర్వాత తిరిగివస్తే సగం సారం జారిపోతుంది. వేదాంత కళాశాల విద్యార్థులకూ, బోధించే బాధ్యత ఉన్న కాపరులకూ, ఇంట్లో పిల్లలు అడిగే ప్రశ్నలను తప్పించుకోకూడదనుకునే తల్లిదండ్రులకూ దీనిని నిస్సంకోచంగా సూచిస్తాను. ఇటీవల ఆప్తులను పోగొట్టుకున్నవారికి మాత్రం ఇప్పుడే వద్దు. ఓదార్చడం దీని పని కాదు. శుద్ధీకరణ స్థలం గురించి కతోలికుని నోటనే వినాలనుకునేవారు మొదటి కూర్పును వెతికి పట్టుకోవడం మంచిది, అందులో ఆ అధ్యాయాన్ని జకరీ హేయ్స్ రాశారు.